సంరక్షణ గృహంలో ఉన్న అమ్మకు తుంటి విరిగింది. కారణం మూడు రకాలుగా చెబుతున్నారు. ఏం అడగాలి?

ప్రశ్న: చిన్న కూతురు, బెంగళూరు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 81 ఏళ్లు. నాన్న పోయాక రెండేళ్లు నా దగ్గరే ఉన్నారు. మతిమరుపు జబ్బు ముదిరి, అర్ధరాత్రి తలుపు గడియ తీసుకుని వీధిలోకి వెళ్లిపోవడం మొదలయ్యాక, అక్కా నేనూ బాగా ఆలోచించుకుని, హైదరాబాద్ శివార్లలో అక్క ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చాం. చేర్చి పద్నాలుగు నెలలైంది. నెలకు 38,000 రూపాయలు కడుతున్నాం. మందులు, డైపర్లు విడిగా.

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మేనేజర్ ఫోన్ చేసి, అమ్మ ఎడమ కాలు కాస్త వాచిందనీ, నూనె రాసి మర్దన చేయిస్తున్నామనీ, కంగారు పడవద్దనీ చెప్పారు. బుధవారం సాయంత్రం అక్క వెళ్లి చూసేసరికి అమ్మ పాదం బయటికి తిరిగిపోయి ఉంది, దుప్పటి తీయబోతే కేక పెట్టారు. అక్క పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్తే ఎక్స్‌రేలో ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక విరిగిందని తేలింది. శుక్రవారం ఆపరేషన్ చేశారు.

అంబులెన్సులో పక్కన కూర్చున్న ఆయా, మంగళవారం తెల్లవారుజామున బాత్రూం గుమ్మం దగ్గర అమ్మ కూర్చుండిపోయి కనిపించారని చెప్పింది. ఆసుపత్రికి వచ్చిన మేనేజర్ మాత్రం ఆమె ఎక్కడా పడలేదనీ, గుల్లబారిన ఎముకలు మంచం మీద పొర్లినా విరుగుతాయనీ అన్నారు. మర్నాడు అదే మేనేజర్, అమ్మే మంచం దిగబోతుంటే ఆయా పట్టుకునేలోపు జారారని అన్నారు. అమ్మను అడిగితే మా అమ్మమ్మ కొట్టిందని చెబుతున్నారు. అమ్మమ్మ పోయి నలభై ఏళ్లయింది.

మరో రెండు సంగతులు కూడా చెప్పాలి. ఏడు నెలల కిందట అమ్మకు ఇదే చోట కుడి మణికట్టు విరిగింది. అప్పుడు మేము పెద్దగా పట్టించుకోలేదు, కట్టు కట్టించి ఊరుకున్నాం. ఇప్పుడు ఆసుపత్రిలో బట్టలు మారుస్తున్నప్పుడు రెండు జబ్బల మీదా కమిలిన మచ్చలు కనిపించాయి. రెండు నెలల కిందట అదే అంతస్తులో ఇంకో పెద్దావిడకు కూడా తుంటి విరిగిందని ఆయా నోటివెంట వచ్చింది.

గొడవ పెట్టుకుంటే, రేపు అమ్మను అక్కడికే పంపాల్సి వస్తే ఆ కోపం ఆమె మీద చూపిస్తారేమోనని అక్క భయపడుతోంది. ఇది నిర్లక్ష్యమని నేను అనుకోవడం న్యాయమేనా? ఎవరిని, ఏ మాట అడిగితే అసలు జరిగింది తెలుస్తుంది?


జవాబు 1: ఎముకల వైద్యుడు (విశ్రాంత), విశాఖపట్నం

అమ్మా, ముందుగా మీ అమ్మగారు కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీరు అడిగిన దాంట్లో వైద్యానికి సంబంధించినంత వరకు చెబుతాను.

ముసలితనంలో తుంటి విరగడానికి కారణం నూటికి తొంభైకి దగ్గరగా పడిపోవడమే, అందులోనూ పక్కకు ఒరిగి పడడం. పడకుండా దానంతటది విరగడం లేదని అనను. ఎముక బాగా గుల్లబారినప్పుడో, క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడో అలా జరుగుతుంది. అయితే లేచి బాత్రూం దాకా నడవగలిగే మనిషికి మంచం మీద పొర్లితే తుంటి విరిగిందంటే నేను మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు వేయకుండా ఒప్పుకోను. పూర్తిగా మంచాన పడిన వాళ్ల విషయం వేరు. వాళ్లను ఒక్కరే తిప్పబోయినప్పుడో, కాలు పట్టుకుని లాగినప్పుడో ఎముక విరుగుతుంది, అదీ ఎక్కువగా తుంటి దగ్గర కాదు, మోకాలికి కాస్త పైన. అందువల్ల ఆ మొదటి ఎక్స్‌రే ఫిల్ము మీ దగ్గర ఉంచుకోండి. ఎక్కడ విరిగింది, అడ్డంగా విరిగిందా, మెలి తిరిగినట్టు విరిగిందా, ఆ చోట ఎముకలో వేరే జబ్బు ఛాయలున్నాయా అన్నవి ఆపరేషన్ చేసిన డాక్టరు గారిని అడిగి, ఆ మాటలు డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. నోటి మాటగా వదిలేయవద్దు.

నాకు పడిపోవడం కంటే ఆ తరువాతి ఒకటిన్నర రోజు ఎక్కువ బాధ కలిగిస్తోంది. ఎంత జాగ్రత్తగా చూసినా మనుషులు పడతారు. కానీ కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి, కదిలిస్తే ఏడుస్తున్న మనిషికి తుంటి విరిగి ఉండవచ్చని అనుమానించడానికి ఎంబీబీఎస్ అక్కరలేదు. వృద్ధులను చూసుకుంటామని డబ్బు తీసుకునే చోట ప్రతి ఆయాకూ మొదటి వారంలోనే నేర్పవలసిన విషయమిది. విరిగిన కాలికి మర్దన చేస్తే అప్పటిదాకా కదలని ముక్కలు కూడా పక్కకు జరుగుతాయి, లోపల రక్తం పోతుంది. ఆపరేషన్ సాధ్యమైనంత వరకు రెండు రోజుల్లోపు జరగాలని మేము తొందర పెట్టేది ఊరికే కాదు. ఆలస్యమైన కొద్దీ న్యుమోనియా, పడక పుండ్లు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం వంటివన్నీ వెంటపడతాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరగకుండానే పోతారు. ఒక్కటి మాత్రం వాళ్ల పక్షాన కూడా చెప్పాలి: కొన్నిసార్లు విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడిపోయి, మనిషి ఒకటి రెండు రోజులు కుంటుతూ నడవగలుగుతారు. అప్పుడు ఆలస్యాన్ని తప్పుపట్టలేం. అందుకే మంగళవారం పగలు ఆమె నడిచారా, లేదా అన్నది తప్పకుండా తెలుసుకోండి.

జబ్బల మీది మచ్చలు వేళ్ల ఆకారంలో ఉన్నాయా? లేవదీయడానికి చంకల కింద చేతులు వేసి గట్టిగా పట్టుకున్నా అలాగే కములుతుంది, రక్తం పలచబడే మందులు వాడేవారికి మరీను. రంగును బట్టి మచ్చ ఎన్ని రోజులదో కచ్చితంగా చెప్పగలమనేది మాలో కూడా కొందరు నమ్మే అపోహ. ఈరోజే ఫొటోలు తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి.

చివరిగా కాస్త కష్టమైన మాట. ఏడు నెలల కిందట మణికట్టు విరిగినప్పుడే ఆమె ఎముకలు గుల్లబారాయని తెలిసిపోయింది. అప్పుడు విటమిన్ డి చూశారా? కాల్షియంతో సరిపెట్టకుండా ఎముకలు గట్టిపడే అసలు మందు ఎవరైనా రాశారా? ఆ కట్టు కట్టిన డాక్టరు, ఆ గృహం, మీరు, ముగ్గురిలో ఎవరూ దాని గురించి ఆలోచించినట్టు లేదు. ఇప్పుడైనా మూత్రపిండాల పనితీరు, విటమిన్ డి చూపించి, ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఆమెకు పనికి వస్తుందేమో మీ డాక్టరును అడగండి. తుంటి విరిగాక మూడు నెలల్లోపు ఇది ఇచ్చిన వారిలో మళ్లీ ఎముకలు విరగడం తగ్గిందని 2007లోనే పెద్ద పరిశోధన వచ్చింది.


జవాబు 2: పదకొండేళ్లు ఇలాంటి చోట్ల పనిచేసిన నర్సు

మేడమ్, నేను మూడు సంరక్షణ గృహాల్లో పనిచేశాను, రెండింటిలో రాత్రి డ్యూటీ ఇన్‌చార్జిగా ఉన్నాను. మీ అమ్మగారి సంగతి నాకు తెలియదు కాబట్టి అక్కడ ఫలానాది జరిగిందని అనలేను. కానీ మీకు మూడు కథలు ఎందుకు వినిపిస్తున్నాయో మాత్రం చెప్పగలను.

నేను చూసిన చోట్ల పడిపోవడాలు ఎక్కువగా తెల్లవారుజామున నాలుగు, ఆరు గంటల మధ్య జరిగేవి. నిద్రమాత్ర మత్తు ఇంకా దిగదు, మూత్రానికి ఆపుకోలేరు, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, బాత్రూం గచ్చు తడిగా ఉంటుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసిన ఆయా ఆ వేళకు గోడకు చేరగిలబడి ఉంటుంది. ఒక్క ఆయాకు పదిహేను మంది, ఒక్కోసారి ఇరవై మంది. ఒకరికి డైపర్ మారుస్తుంటే ఇంకొకరు మంచం దిగుతారు. కొన్ని చోట్ల దానికి మందుగా చున్నీతో మంచానికి కట్టేస్తారు, లేదా రెండు వైపులా కటకటాలు ఎత్తి ఉంచుతారు. మతి సరిగా లేని వాళ్లు ఆ కటకటాలు ఎక్కి దూకబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. జబ్బల మీది మచ్చలు చూసినప్పుడు మణికట్ల మీద, చీలమండల మీద కూడా గీతల్లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడండి.

పడ్డారని చెబితే ఆయా జీతంలో కోత పడుతుంది, లేదా ఉద్యోగమే పోతుంది. నేను పనిచేసిన ఒక చోట పడినందుకు అయిదు వందలు కోసేవారు. అందుకే ఆమె ఎవరికీ చెప్పకుండా ఎత్తి మంచం మీద పడుకోబెడుతుంది. పగటి డ్యూటీకి వచ్చినవాళ్లకు కాలు వాచి కనిపిస్తుంది. మేనేజరుకు నిజంగానే ఏమీ తెలియదు, తెలిసినప్పుడు కుటుంబానికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తాడు. ఆ ఆయా మీద కేకలు వేయకండి. అంబులెన్సులో ఆమె చెప్పిన మాటే మీకు దొరికిన మొదటి మాట, ఆమె మాత్రమే నోరు తెరిచింది.

మీరు అడగవలసింది ఎవరు పడేశారని కాదు. ఆ రాత్రి ఆ అంతస్తులో ఎందరు ఉన్నారు, డ్యూటీలో ఎందరు ఉన్నారు అన్నది అడగండి. డ్యూటీ చార్టు, ఇన్సిడెంట్ రిజిస్టరు (పడిపోవడం లాంటి ఘటనలు రాసే పుస్తకం), మందులు ఇచ్చిన షీటు, ఈ మూడింటి ఫొటో కాపీలు కావాలని ఈరోజే ఉత్తరం రాసి ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. కారిడారులో సీసీ కెమెరా ఉంటే రికార్డు భద్రపరచమని అదే ఉత్తరంలో రాయండి. చాలా చోట్ల కొన్ని వారాలకు పాతది దానంతటదే చెరిగిపోయి దానిమీద కొత్తది ఎక్కుతుంది. మందుల షీటులో ఈ మధ్య కొత్తగా ఏదైనా నిద్రమాత్రో, గోల తగ్గించే మందో చేరిందేమో చూడండి. మణికట్టు విరిగాక ఆమె పడిపోయే ప్రమాదం ఉన్న మనిషని ఎక్కడైనా రాసుకున్నారా, రాసుకుని ఏం మార్చారు? పట్టుకునే కడ్డీ బిగించారా, మంచం ఎత్తు తగ్గించారా, రాత్రి రెండు గంటలకోసారి లేపి బాత్రూంకు తీసుకువెళ్లారా? రెండోసారి ఎముక విరిగినప్పుడు నేను మొట్టమొదట వెతికేది ఆ కాగితమే.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు బిల్లులో కొంత మేమే భరిస్తామని చెప్పి ఏదో కాగితం మీద సంతకం అడగవచ్చు. చదవకుండా పెట్టవద్దు.


జవాబు 3: కాకినాడ

పై ఇద్దరూ చెప్పింది కాదనను, కానీ ఒక్క మాట. మా అమ్మకు మా ఇంట్లోనే, నేనూ నా భార్యా ఇద్దరు పిల్లలూ ఉండగా, పట్టపగలు, వంటింటి గడప దగ్గర తుంటి విరిగింది. ఆమె మీద నుంచి మా చూపు మళ్లింది పాలు పొంగుతున్నాయని స్టవ్ కట్టేసి వచ్చేంత సేపే. ఆ రోజు మా చుట్టాలు మమ్మల్ని చూసిన చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. కాబట్టి ఎముక విరిగింది కదా అని నేరం చేసినట్టు చూడకండి. మీ ప్రశ్నలో నాకు మింగుడు పడనిది మాట మార్చడం, మర్దన చేయడం. మేము పది నిమిషాల్లో ఆటో ఎక్కించాం.


జవాబు 4: న్యాయవాది, హైదరాబాద్

చట్టం ప్రకారం ఎక్కడ తలుపు తట్టాలో, ఎక్కడ తట్టడం వృథాయో చెబుతాను.

చాలామంది ముందుగా 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పట్టుకుని ఆర్డీవో దగ్గరకు పరుగెడతారు. ఆర్డీవో అధ్యక్షతన ఉండే ఆ ట్రిబ్యునల్ పని ప్రధానంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడం. మీ తగాదా డబ్బు తీసుకుని సేవ చేస్తామన్న సంస్థతో కాబట్టి అక్కడ మీకు పెద్దగా ఒరిగేది లేదు. ప్రైవేటు సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఆ లోటు మీలాంటి కేసుల్లో ప్రతిసారీ కనిపిస్తుంది.

మీకు తిన్నగా పనికివచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. నెలనెలా డబ్బు కట్టి సేవ తీసుకున్నారు, ఆ సేవలో లోపం ఉందన్నది మీ వాదన. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కట్టిన సొమ్ము 50 లక్షలు దాటదు కనుక జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. ఈ చట్టం కింద ఫిర్యాదుదారు నివసించే చోట కూడా దాఖలు చేయవచ్చు, అంటే బెంగళూరులోనైనా వేయవచ్చు. అయితే సాక్షులంతా హైదరాబాద్‌లో ఉన్నారు, మీ అక్కగారూ ఇక్కడే ఉన్నారు కాబట్టి నేనైతే ఇక్కడే వేస్తాను. చేర్చుకున్నప్పుడు సంతకం చేసిన ఒప్పందం వెతికి తీయండి. పడిపోతే మాది బాధ్యత కాదని అందులో ఒక వాక్యం ఉండే ఉంటుంది. దాన్ని చూసి నిరాశ పడకండి. పడిపోయాక ఒకటిన్నర రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లకపోవడాన్ని ఆ వాక్యం కాపాడుతుందని నేను అనుకోను.

క్రిమినల్ వైపు చూస్తే, ఎముక విరగడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 116వ సెక్షను ప్రకారం తీవ్రమైన గాయం కిందికి వస్తుంది. నిర్లక్ష్యం వల్ల అలాంటి గాయమైతే 125వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. 357వ సెక్షను అంతగా ఎవరి దృష్టికీ రాదు: జబ్బు వల్లో, బలహీనత వల్లో, మతి స్థిమితం లేకో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటామని చట్టబద్ధంగా ఒప్పుకుని కావాలని మానేస్తే, మూడు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కావాలని అన్న మాట రుజువు చేయడం కష్టం. అందుకే క్రిమినల్ కేసుతో మొదలుపెట్టమని నేను సలహా ఇవ్వను. ఆసుపత్రి వాళ్లు చేర్చుకున్నప్పుడు మెడికో లీగల్ కేసుగా (అంటే పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా) నమోదు చేశారా అన్నది మాత్రం కనుక్కోండి. చేయకపోతే, మచ్చల గురించి, మూడు రకాల మాటల గురించి డాక్టరుకు రాతపూర్వకంగా చెప్పి నమోదు చేయమనండి. కేస్ షీటు కాపీ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. సీసీ కెమెరా రికార్డు ఇస్తే దానితోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద, ఆ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా తీసుకోండి; అది లేకపోతే కోర్టులో ఆ పెన్‌డ్రైవు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పటికిప్పుడు ఆ గృహంలో మిగిలిన వాళ్ల గురించి ఎవరైనా వెళ్లి చూడాలనిపిస్తే 14567కు ఫోన్ చేయండి. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత లైను అది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది.


జవాబు 5: తెలుగు నర్సు, ఒహాయో

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ అమెరికాలో ఆ మాటకు అర్థం మీ అమ్మగారు ఉన్నలాంటి చోటు. నేను అలాంటి చోట తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడి నిబంధన ఒకటి మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది కాబట్టి రాస్తున్నాను.

1987లో వచ్చిన చట్టం మీద ఆధారపడిన కేంద్ర నిబంధనల్లో కారణం తెలియని గాయం అని ఒక మాట ఉంది. మూడు షరతులు కలవాలి. గాయం ఎలా తగిలిందో ఎవరూ చూసి ఉండకూడదు. రెండోది, ఆ మనిషి కూడా చెప్పలేని స్థితిలో ఉండాలి. మూడోది, గాయం ఎంత తీవ్రమైనది, శరీరంలో ఎక్కడ తగిలింది, ఎన్ని ఉన్నాయి అన్నదాన్ని బట్టి అనుమానం కలగాలి. ఈ మూడూ కలిసి, గాయం తీవ్రమైనదైతే రెండు గంటల్లో రాష్ట్ర అధికారులకు తెలియజేయాలి, విచారణ ఫలితం ఐదు పనిదినాల్లో పంపాలి. కుటుంబానికి వెంటనే చెప్పడం వేరే నిబంధన. మీ అమ్మగారి తుంటి, రెండు జబ్బల మీది మచ్చలు, మతిమరుపు, పొంతన లేని మూడు మాటలు ఈ కొలత మీద పెట్టి చూడండి. ఇక్కడైతే అది కచ్చితంగా కారణం తెలియని గాయమే. ఆ మాటకు నేరం అని అర్థం లేదు. సంస్థ తనంతట తాను విచారించి రాసి ఇవ్వాలని మాత్రమే.

ఇక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాగితం మీద అన్ని పెట్టెల్లోనూ టిక్కులుండి, రాత్రి అంతస్తులో మనుషులు లేని చోట్లు నేను చూశాను. ఒక్కొక్కరికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని 2024లో ఒక నిబంధన తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. పై నర్సు గారు చెప్పిన ఒక ఆయాకు పదిహేను మంది అన్న లెక్క ఇక్కడా నాకు కొత్త కాదు.

మీ అక్కగారి భయం గురించి కూడా ఒక మాట. ఫిర్యాదు చేసిన కుటుంబం మనిషిని సిబ్బంది ఎక్కువ జాగ్రత్తగా చూడడమే నేను ఎక్కువసార్లు చూశాను. వేళాపాళా లేకుండా ఎవరో ఒకరు వచ్చే మనిషిని కూడా అంతే. రోజూ ఒకే వేళకు వెళ్లకండి.


ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మణికట్టు గురించి మీరు అన్నది నిజమే; ఆ మాట రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. విటమిన్ డి చాలా తక్కువగా ఉంది, ముందు దాన్ని సరిచేసి తరువాత మందు ఎక్కిస్తామన్నారు. విరిగిన తీరు పక్కకు పడినట్టుగానే ఉందనీ, ఎముకలో వేరే జబ్బు లేదనీ సమ్మరీలో రాసి ఇచ్చారు.

ఉత్తరం ఇచ్చిన నాలుగో రోజున డ్యూటీ చార్టు ఇచ్చారు. ఆ రాత్రి ఆ అంతస్తులో పద్దెనిమిది మందికి ఒక్క ఆయా. ఇన్సిడెంట్ రిజిస్టరులో మంగళవారం తేదీ కింద ఉదయం 5:10కి పడిపోయారని రాసి ఉంది, కానీ ఆ పద్దు బుధవారం పద్దుకు కింద ఉంది. మంగళవారం పగలు నడిచారా అని అడిగితే, ఆ రోజంతా మంచం మీదే భోజనం పెట్టామని వంటమనిషి చెప్పింది. మందుల షీటులో మూడు వారాల కిందట రాత్రిపూట ఒక కొత్త మాత్ర చేరింది. ఎవరు రాశారో సంతకం లేదు, మాకు ఎవరూ చెప్పలేదు. సీసీ కెమెరా ఆ వారం పనిచేయలేదట.

మణికట్ల మీద గీతలేమీ లేవు. అది చూసి నేనూ అక్కా కాసేపు ఏడ్చాం.

అమ్మను అక్కడికి తిరిగి పంపడం లేదు. ప్రస్తుతం అక్క ఇంట్లో హాలులో కిందికి దించగల మంచం వేశాం, రాత్రికి ఒక మనిషిని పెట్టుకున్నాం. న్యాయవాది గారి సలహా ప్రకారం నోటీసు తయారవుతోంది. రెండు నెలల కిందట తుంటి విరిగిన పెద్దావిడ అదే అంతస్తులో మా అమ్మ గదికి ఎదురు గదిలో ఉండేవారట. వాళ్ల అబ్బాయి నంబరు ఆయా ఇచ్చింది. నిన్న మాట్లాడాను. వాళ్లకు మంచం మీద పొర్లితే విరిగిందని చెప్పారట. వాళ్ల దగ్గర కూడా మొదటి ఎక్స్‌రే ఫిల్ము ఉంది.